స్పితి లోయకు వెళ్ళే ముందు రాత్రులు లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నారు. బాబుకు దసరా సెలవులు కలిసివచ్చి పన్నెండు రోజులు చేతిలో ఉన్నాయి. మీరు, మీ వారు, తొమ్మిదేళ్ళ బాబు, బీపీకి మందులు వాడుతున్న అరవై నాలుగేళ్ళ మీ అత్తగారు కలిసి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ చూడాలనుకుంటున్నారు. ట్రావెల్స్ వారు ఇచ్చిన పథకంలో మొదటి రాత్రి మనాలి, రెండో రాత్రి చంద్రతాల్ సరస్సు దగ్గర గుడారాలు, మూడో రాత్రి కాజా, ఆ తరువాత ఒక్కొక్క రోజుకు నాలుగైదు చోట్లు చూపించి ఎనిమిదో రోజుకల్లా కిందికి దించి, మిగిలిన రోజులు ఢిల్లీ, ఆగ్రా అని రాశారు. ఈ పథకం సరైనదేనా, అత్తగారిని తీసుకువెళ్ళవచ్చా, చంద్రతాల్ చూడకుండా వస్తే వెలితిగా ఉంటుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

పథకం సరైనది కాదు. అత్తగారిని తీసుకువెళ్ళవచ్చు, అయితే ఆ దారిన కాదు. చంద్రతాల్ సంగతి చివర్లో చెబుతాను. నేను ఇరవై రెండేళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాను. ఇప్పటికి ఏడుసార్లు స్పితి వెళ్ళాను, అందులో ఒకసారి మా అమ్మను తీసుకువెళ్ళాను. కింద రాసేదంతా ఆ ప్రయాణాల్లో నేర్చుకున్నదే.

మనం దక్షిణాదివాళ్ళం ఎత్తు అనే మాటను ఊటీతోనో, నంది కొండలతోనో కొలుచుకుంటాం. నంది కొండ 1,478 మీటర్లు. మొత్తం దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి శిఖరమే 2,695 మీటర్లు. మీరు వెళ్ళే దారిలో మధ్యలో వచ్చే కల్పా అనే మామూలు ఊరు దానికన్నా ఎత్తున, దాదాపు 2,960 మీటర్ల దగ్గర ఉంటుంది. స్పితికి ముఖ్య పట్టణమైన కాజా సుమారు 3,650 మీటర్లు, చంద్రతాల్ సుమారు 4,250 మీటర్లు. చంద్రతాల్ దగ్గర ఒక్కొక్క శ్వాసకు మనకు అందే ప్రాణవాయువు చెన్నై సముద్రతీరంలో అందేదానిలో అరవై శాతం మాత్రమే. శరీరం ఈ కొరతకు అలవాటు పడగలదు, కానీ దానికి కావలసింది సమయం, ముఖ్యంగా నిద్రపోయే సమయం. పగలు ఎంత ఎత్తుకు ఎక్కి దిగామన్నదానికన్నా రాత్రి ఏ ఎత్తున పడుకున్నామన్నదే ఎక్కువ ప్రభావం చూపుతుంది. మూడు వేల మీటర్లు దాటిన తరువాత పడుకునే చోటు ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకన్నా పెరగకూడదనీ, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తున మరో రాత్రి గడపాలనీ వైద్యులు చెబుతారు. మనాలి సుమారు 2,050 మీటర్లు. అక్కడ ఒక్క రాత్రి పడుకుని మరునాటి రాత్రికి చంద్రతాల్ చేరడమంటే ఒకేసారి 2,200 మీటర్లు పైకి వెళ్ళి నిద్రపోవడం.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి ప్రయాణంలో మేము నలుగురు స్నేహితులం సరిగ్గా ఇటువంటి పథకంతోనే వెళ్ళాం. మధ్యాహ్నం మూడింటికి గుడారాలకు చేరాం. సరస్సు చూశాం, ఫొటోలు తీసుకున్నాం. చీకటి పడేసరికి నలుగురికీ తలనొప్పి పట్టుకుంది. ఒకతను భోజనం వద్దని పడుకున్నాడు. రాత్రి ఒంటిగంటకు నాకు మెలకువ వచ్చి చూస్తే అతను మంచం అంచున కూర్చుని కుడి కాలికి ఎడమ కాలి బూటు తొడుక్కోవాలని ప్రయత్నిస్తున్నాడు. అది ఎడమ కాలిది అని చెబితే నా వైపు చూశాడు తప్ప మాట అర్థమైనట్టు కనబడలేదు. వంటమనిషిని లేపాను. ఆయన పెద్దవయసువాడు, ఆ కొండలవాడే. లాంతరు అతని ముఖం దగ్గర పెట్టి చూసి, లేపి నిలబెట్టి, మడమకు బొటనవేలు ఆనించి వరుసగా నాలుగడుగులు వేయమన్నాడు. రెండో అడుగుకే అతను పక్కకు తూలి పడబోయాడు. తెల్లవారేదాకా ఆగవద్దు, ఇప్పుడే కిందికి తీసుకువెళ్ళండి అని ఆ పెద్దాయన డ్రైవర్‌ను లేపాడు. బాతల్ దాటి ఛత్రు చేరేసరికి తెల్లవారింది. దాదాపు తొమ్మిది వందల మీటర్లు దిగాం. అక్కడ అతను తనంతట తానే టీ అడిగాడు. మెదడులో నీరు చేరడం మొదలైనప్పుడు మనిషి తూలతాడనీ, అప్పుడు చేయగలిగిన అతి పెద్ద చికిత్స కిందికి దించడమేననీ నాకు తరువాత ఒక వైద్యుడు చెప్పారు. ఆ వంటమనిషి ఆ సంగతి గుడారంలోనే లాంతరు వెలుగులో పసిగట్టాడు.

అందుకే నా సలహా: మనాలి వైపు నుంచి ఎక్కకండి, సిమ్లా, కిన్నౌర్ జిల్లాల మీదుగా ఎక్కి, వీలైతే మనాలి వైపు దిగండి. ఆ దారి సట్లెజ్ నది వెంట మెల్లగా ఎత్తు పెరుగుతూ వెళుతుంది. ఢిల్లీ, ఆగ్రా మరో సెలవుకు వాయిదా వేసి పన్నెండు రోజులూ దీనికే కేటాయించండి. బెంగళూరు నుంచి చండీగఢ్‌కు నేరుగా విమానాలున్నాయి. రైలులో వెళ్ళాలనుకుంటే యశ్వంతపూర్ నుంచి సంపర్క్ క్రాంతి ఉంది, కానీ పన్నెండు రోజుల్లో రానుపోను నాలుగు రోజులు దానికే సరిపోతాయి కనుక మీకు నప్పదు.

రాత్రులను ఇలా పంచుకోండి. మొదటి రాత్రి సిమ్లా పరిసరాల్లో. రెండో రాత్రి సరాహన్‌లో. జియోరి దగ్గర ముఖ్య రహదారి వదిలి కొంచెం పైకి వెళ్ళాలి, అక్కడి భీమాకాళి ఆలయం చెక్కా రాయీ వరుసలుగా పేర్చి కట్టినది, మీ అత్తగారికి నచ్చుతుంది. సిమ్లా నుంచి కల్పాకు ఒకే రోజులో వెళ్ళవచ్చు, అందరూ అలాగే వెళతారు. కానీ ఎనిమిది తొమ్మిది గంటలు కొండదారిలో కూర్చున్న పెద్దావిడ మరునాడు లేవలేరు. మూడు, నాలుగు రాత్రులు కల్పాలో. ఐదు, ఆరు రాత్రులు తాబోలో. ఏడో రాత్రి కాజా, ఎనిమిదో రాత్రి పిన్ లోయలోని ముద్ అనే ఊళ్ళో హోమ్‌స్టే, తొమ్మిదో రాత్రి మళ్ళీ కాజా. పదో రోజు తిరుగు ప్రయాణం.

కల్పాలో రెండు రాత్రులు ఎందుకని మీకు అనిపించవచ్చు. శరీరానికి ఆ విరామం కావాలి. దానికితోడు అక్టోబరులో కల్పా చూడదగిన ఊరు. ఆపిల్ కోత ఇంకా సాగుతూ ఉంటుంది. ఇళ్ళ ముందు పెట్టెలకు మేకులు కొడుతూ ఉంటారు. లోయకు ఎదురుగా కిన్నర్ కైలాస పర్వతశ్రేణి నిలబడి ఉంటుంది. తెల్లవారుజామున దాని మీద వెలుగు పడే క్రమాన్ని చూడటానికి గది కిటికీ చాలు. ఈ ఊరి పాత పేరు చినీ. స్వతంత్ర భారతంలో తొలి ఓటరుగా పేరుపొందిన శ్యామ్ శరణ్ నేగి ఈ ఊరివారే. దేశమంతటా సాధారణ ఎన్నికలు 1952 తొలి నెలల్లో జరిగితే ఇక్కడ మాత్రం 1951 అక్టోబరులోనే జరిపారు, ఎందుకంటే ఆ తరువాత మంచు పడి దారులు మూసుకుపోతాయి. మీరు వెళ్ళేది సరిగ్గా ఆ నెలలోనే అని గుర్తుపెట్టుకోండి. వాతావరణం గురించి కింద చెప్పబోయేదానికి ఇదే ఆధారం.

కల్పా నుంచి తాబో వెళ్ళే రోజు ఈ ప్రయాణంలో నాకు అత్యంత ఇష్టమైన రోజు. పూహ్ దాటేదాకా దేవదారులూ తోటలూ కనబడతాయి. ఆ తరువాత పచ్చదనం క్రమంగా తగ్గి, ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలిసే చోటికి చేరేసరికి రాయి తప్ప మరేమీ ఉండదు. నైరుతి రుతుపవనాల మేఘాలను కొండల వరుసలు అటువైపే ఆపేస్తాయి కనుక ఇటు వాన చాలా తక్కువ. అందుకే దీనిని శీతల ఎడారి అంటారు. మన అనంతపురం కూడా వర్షచ్ఛాయ ప్రాంతమే కనుక మాట మనకు కొత్త కాదు, కానీ అదే కారణానికి ఇంత చలి తోడైతే నేల ఎలా ఉంటుందో ఇక్కడ కళ్ళారా చూస్తాం. ఖాబ్ నుంచి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కితే నాకో వస్తుంది. ఊరి మధ్యలో చిన్న సరస్సు, దాని చుట్టూ విల్లో చెట్లు, గట్టున రాళ్ళతో కట్టిన ఇళ్ళు. సరస్సు చుట్టూ మీ అత్తగారు నెమ్మదిగా నడవవచ్చు. నాకో 3,660 మీటర్ల దగ్గర ఉంది కనుక అక్కడ మధ్యాహ్న భోజనం చేసి, రాత్రికి 3,280 మీటర్ల తాబోకు దిగిపోండి. పగలు ఎత్తు చూసి రాత్రికి దిగి పడుకోవడం శరీరానికి మంచి సాధన.

తాబోలో రెండు రాత్రులు ఉండమని గట్టిగా చెబుతున్నాను. అక్కడి బౌద్ధారామం 996లో స్థాపించినది. తంజావూరు బృహదీశ్వరాలయం పూర్తయిన 1010కన్నా పద్నాలుగేళ్ళు ముందు. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యాన్ని ఏలిన యేషే ఓద్ ప్రోత్సాహంతో, రిన్‌చెన్ జాంగ్‌పో అనే పండితుడి కాలంలో వెలసింది. బయట నుంచి చూస్తే మట్టి గోడలు, మట్టి కప్పులు; ఇదేనా అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఊరకే నిలబడండి. ముప్పైకి పైగా మట్టి విగ్రహాలు గోడల నుంచి ముందుకు వచ్చి గాలిలో కూర్చున్నట్టు కనబడతాయి, వాటి కిందా పైనా గోడ నిండా బొమ్మలు. వెయ్యేళ్ళుగా అక్కడ పూజ ఆగలేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఆ నియమాన్ని మీ బాబుకు ముందే చెప్పి ఉంచండి. చిన్న టార్చి మాత్రం తీసుకువెళ్ళండి. మొదటి రోజు సాయంత్రం ఒకసారి, మరునాడు ఉదయం ప్రార్థన వేళ ఒకసారి వెళితే ఆ రెండూ వేరువేరు అనుభవాలు. మీ అత్తగారు అమరావతి దగ్గరివారని రాశారు కనుక ఈ చోటు వారికి మరో విధంగా దగ్గరవుతుంది. టిబెట్ బౌద్ధులు తమ కాలచక్ర బోధను బుద్ధుడు మొదట ధాన్యకటకంలోనే, అంటే నేటి అమరావతిలోనే, చేశాడని నమ్ముతారు. దలైలామా 1996లో తాబోలో, 2000లో కాజా దగ్గరి కీ గోంపా అనే బౌద్ధారామంలో, 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర ఉత్సవం నిర్వహించారు.

తాబో నుంచి కాజా యాభై కిలోమీటర్ల లోపే. దారిలో కొండ కొసన వేలాడుతున్నట్టుండే ధన్‌కర్ చూడండి. ఒకప్పుడు స్పితికి అది రాజధాని. మఠం పైన ఒక గంటకు మించిన ఎక్కుడు ఎక్కితే ఒక సరస్సు ఉంది. మీ వారూ బాబూ వెళ్ళిరావచ్చు, మీ అత్తగారిని ఎక్కించవద్దు. కాజాలో ఉన్న రోజుల్లో కీ గోంపా, లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ అన్నీ కారులో వెళ్ళి వచ్చే దూరంలోనే ఉంటాయి. లాంగ్జా, హిక్కిమ్ రెండూ దాదాపు 4,400 మీటర్లు, కోమిక్ ఇంకా ఎత్తు. హిక్కిమ్‌లో 1983 నుంచి తపాలా కార్యాలయం నడుస్తోంది. బాబు చేత వైట్‌ఫీల్డ్ ఇంటి చిరునామాకే ఒక కార్డు రాయించి వేయించండి. లాంగ్జా పొలాల్లో సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. ఈ కొండలు ఒకప్పుడు సముద్రపు అడుగు అని పిల్లవాడికి చెప్పడానికి అంతకన్నా మంచి పాఠశాల లేదు. కానీ అక్కడి పిల్లలు అమ్మితే కొనవద్దు, ఏరి సంచిలో వేసుకోవద్దు. ఆ కొండ సంపద అక్కడే ఉండాలి. ఈ ఊళ్ళలో రాత్రి పడుకోవద్దు, రెండు మూడు గంటలు ఉండి కాజాకు దిగిరండి. ఆ రోజు మీ అత్తగారికి అలసటగా ఉంటే ఎవరో ఒకరు తోడుగా కాజాలోనే ఉండిపోండి.

హోమ్‌స్టే గురించి మీరు సందేహంగా రాశారు. హోటల్ గదిలో ఉంటే స్పితి కొండలు కనబడతాయి కానీ స్పితి జీవితం కనబడదు. ఇంట్లో అందరూ చేరేది వంటగదిలోనే. మధ్యలో ఇనుప పొయ్యి, దాని గొట్టం కప్పు గుండా బయటికి పోతుంది. పొయ్యిలోకి వేసేది పిడకలు, ఎండుపుల్లలు. గోడ వెంట తక్కువ ఎత్తు పరుపులు, వాటి ముందు పొడవాటి చిన్న బల్లలు. కాజా ఎత్తున నీళ్ళు ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక అన్నం విడిగా గిన్నెలో ఉడకదు. కుక్కర్ ఈలలు వేస్తూనే ఉంటుంది. బియ్యం కింది నుంచి రావలసిందే. వాళ్ళ సొంత పంట బార్లీ, నల్ల బఠాణీ, అమ్మకానికి పచ్చి బఠాణీ. వేయించిన బార్లీ పిండి, థుక్‌పా అనే చారులాంటి వంటకం, వెన్నా ఉప్పూ వేసి చిలికిన టీ పెడతారు. ఆ టీని టీ అనుకుని తాగితే వింతగా ఉంటుంది. మజ్జిగచారు అనుకుని తాగమని మా అమ్మకు చెప్పాను, ఆమె రెండు కప్పులు తాగింది. శాకాహారం అడిగితే పెడతారు. మనవైపు నుంచి కందిపొడి, చింతపండు పులిహోర కలుపు, అటుకులు తీసుకువెళ్ళండి. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చస్తుంది, అలవాటైన రుచి ఉంటే నాలుగు ముద్దలు లోపలికి వెళతాయి.

మరుగుదొడ్డి గురించి నేరుగా చెప్పడం మంచిది. పాత ఇళ్ళలో అది మేడ మీద ఒక గది. నేలలో చతురస్రపు రంధ్రం, మూలన మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక మట్టి పోయాలి. నీళ్ళు వాడకూడదు. కింద చేరినది వసంతంలో పొలానికి ఎరువుగా వెళుతుంది. నీళ్ళు గడ్డకట్టే చోట ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం. అయితే మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం. ఇప్పుడు చాలా ఇళ్ళలో కమోడ్ ఉన్న గది కూడా కట్టారు. ఫోనులో గది మాట్లాడేటప్పుడే ఆ సంగతి స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ఇక వాతావరణం, దారి. మీరు జులై, ఆగస్టు నెలలు ఎంచుకోకపోవడం మంచిదయింది. స్పితిలో వాన లేకపోయినా అక్కడికి చేర్చే కిన్నౌర్, కుల్లూ దారుల్లో వాన ఉంటుంది, కొండచరియలు విరిగిపడతాయి. 2021 ఆగస్టు 11న కిన్నౌర్‌లోని నిగుల్‌సరి దగ్గర కొండచరియ బస్సు మీదా వాహనాల మీదా పడి ఇరవై ఎనిమిది మంది చనిపోయారు. మీరూ ఆ రోడ్డు మీదుగానే వెళతారు. అక్టోబరులో ఆ భయం బాగా తగ్గుతుంది, అయినా రాళ్ళు పడే చోట కారు ఆపి ఫొటోలు తీసుకోవద్దు. అక్టోబరు సమస్య వేరు. పగలు ఎండ చురుక్కుమంటుంది, సూర్యుడు కొండ వెనక్కి జారగానే ఎవరో తలుపు తీసినట్టు చలి వచ్చి పడుతుంది. నెల సగం అయ్యేసరికి కాజాలో రాత్రిళ్ళు సున్నాకు కిందికి దిగుతాయి. కాజా నుంచి మనాలి వైపు వెళ్ళాలంటే దాటవలసిన కుంజుమ్ కనుమ సుమారు 4,550 మీటర్లు. ఏటా వేసవిలో తెరుచుకుని, సాధారణంగా అక్టోబరు చివరి వరకు నడుస్తుంది, కానీ ఒక్క రాత్రి మంచు దట్టంగా పడితే ఆ మాటకు విలువ ఉండదు. నడి వేసవిలోనే ఎంత మారిపోతుందంటే, 2023 జులైలో అకాల హిమపాతానికి చంద్రతాల్ గుడారాల్లో దాదాపు మూడు వందల మంది చిక్కుకుపోయారు. దారిలో మంచు తొలగించి వాళ్ళను బయటికి తెచ్చారు.

అందువల్ల తిరుగు దారిని ఇప్పుడే నిర్ణయించకండి. తిరుగు టికెట్ కూడా చండీగఢ్ నుంచే తీసుకోండి. తొమ్మిదో రోజు సాయంత్రం కాజాలో టాక్సీవాళ్ళను, మనాలి నుంచి ఆ రోజే వచ్చిన డ్రైవర్లను అడగండి. కుంజుమ్ తెరిచి ఉండి ఆకాశం నిర్మలంగా ఉంటే పదో రోజు తెల్లవారాక బయలుదేరి రాత్రికి మనాలి, పదకొండో రాత్రి చండీగఢ్. లేకపోతే వచ్చిన దారినే పదో రాత్రి కల్పా, పదకొండో రాత్రి సిమ్లా, పన్నెండో రోజు చండీగఢ్. రెండు దారుల్లోనూ రాత్రుల లెక్క ఒకటే, కాబట్టి విమానం తప్పదు. ఈ రెండో దారిని ఓటమిగా భావించవద్దు. కాజా నుంచి మనాలి రెండు వందల కిలోమీటర్లే అయినా పది గంటలకు పైగా పడుతుంది, అందులో లోసర్ దాటాక గ్రాంఫూ చేరేదాకా సరైన ఊరు కూడా లేదు. గ్రాంఫూ దాటితే 2020 అక్టోబరులో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం మిమ్మల్ని రోహ్‌తాంగ్ కనుమ ఎక్కనక్కరలేకుండా మనాలి వైపు చేరుస్తుంది. ఆ వైపు దిగేటట్లయితే ఇంకొక మాట. దేశమంతా దసరా ముగిసే విజయదశమి నాడు కుల్లూలో దసరా మొదలవుతుంది, రఘునాథుడి రథోత్సవంతో వారం రోజులు సాగుతుంది. ఆ వారంలో కుల్లూ గుండా వెళ్ళే దారి కిక్కిరిసి ఉంటుంది. మీ తేదీలు పంచాంగంలో చూసుకుని ఆ రోజుకు రెండు మూడు గంటలు అదనంగా పెట్టుకోండి.

కారు మీరే నడుపుతామని మీ వారు అంటున్నారని రాశారు. బెంగళూరు రోడ్ల మీద ఎంత ఓర్పుతో నడిపినా ఈ దారి వేరు. చండీగఢ్‌లోనో సిమ్లాలోనో హిమాచల్ డ్రైవర్‌తో సహా వాహనం మాట్లాడుకోండి. మలుపులో ఎవరు ఆగాలో, తెల్లవారుజామున నీడలో కనబడని మంచు పొర ఎక్కడ ఉంటుందో వాళ్ళకు తెలుసు. నగదు ఇంటి దగ్గరే తీసుకువెళ్ళండి. కాజాలో ఏటీఎం ఉంది కానీ అందులో డబ్బు ఉంటుందన్న నమ్మకం లేదు, నెట్‌వర్క్ లేని ఊళ్ళో ఫోను చెల్లింపులు సాగవు. బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒకటి దగ్గర ఉంచుకోండి. భారతీయులకు ఈ దారిలో అనుమతిపత్రం అక్కరలేదు. అమెరికా నుంచి మీ ఆడపడుచు కూడా వస్తే, విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవారు కిన్నౌర్ సరిహద్దు భాగానికి ముందే అనుమతి తీసుకోవాలి, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే.

అత్తగారి ఆరోగ్యం గురించి. ప్రయాణానికి నెల ముందే వారి డాక్టరుకు ఈ ఎత్తులన్నీ కాగితం మీద రాసి చూపించండి. బీపీ అదుపులో ఉందా, ఈసీజీ అవసరమా, వాడే మాత్రలు అక్కడ మార్చాలా అన్నది ఆయన చెప్పాలి. ఎత్తుకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. సాధారణంగా ఎక్కడానికి ముందురోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివారు వాడకూడదు, బీపీ మాత్రలతో కలిసి ఎలా పనిచేస్తుందో డాక్టరే చూడాలి, పిల్లవాడికి మోతాదు బరువును బట్టి ఉంటుంది. అందుచేత మందుల దుకాణంలో అడిగి కొనవద్దు. మాత్ర ఉంది కదా అని రాత్రులు తగ్గించవద్దు కూడా. పైకి వెళ్ళాక నిద్రమాత్రలు ఎవరూ వేసుకోవద్దు. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్ళడం ఆపండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు విడవకపోయినా, నడకలో తూలినా, మాట తడబడినా వెంటనే కిందికి దిగండి. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అక్కడ ఆక్సిజన్ పెడతారు. పెద్దలు ఇటువంటివి చెప్పరు, పిల్లల సరదా పాడవుతుందని దాచుకుంటారు. మా అమ్మ తాబోలో ఒక పూటంతా తలనొప్పి దాచింది. కాబట్టి ఉదయం, రాత్రి మీరే అడగండి, భోజనం ఎంత తిన్నారో గమనించండి.

చివరగా చంద్రతాల్. అది అందమైన సరస్సే. 2005లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది; గట్టున గుడారాలు వేయనివ్వరు, దూరంగా వేస్తారు. అక్టోబరు మొదటి పక్షం గడిచేసరికి ఆ గుడారాలు కూడా దాదాపుగా ఎత్తేస్తారు. కాజా నుంచి మనాలి వెళ్ళే పది గంటల రోజులో ముఖ్య దారి వదిలి సరస్సుకు వెళ్ళివస్తే, రాళ్ళ దారిలో మరో మూడు నాలుగు గంటలు కలుస్తాయి. పెద్దావిడా పిల్లవాడూ ఉన్న కారులో అది చీకట్లో ప్రయాణం అవుతుంది. ఈసారి వదిలేయండి. నాకో సరస్సు మీ అత్తగారు చూస్తారు, ధన్‌కర్ సరస్సు బాబు చూస్తాడు. చంద్రతాల్ కోసం మీరూ మీ వారూ మరో ఏడు సెప్టెంబరులో, ఇదే దారిన ఎక్కి, స్పితిలో ఐదారు రాత్రులు గడిపిన తరువాత వెళ్ళండి.

ఇంకొక చిన్న మాట మీ అత్తగారి కోసం. మా అమ్మతో వెళ్ళినప్పుడు పిన్ లోయలో మేమున్న ఇంటి పెద్దావిడకు హిందీ అంతంతమాత్రం, మా అమ్మకు అదీ లేదు. ఊరు ఎక్కడని అడిగితే అమ్మ విజయవాడ అంది, ఆవిడకు తెలియలేదు. పక్కన అమరావతి అని నేను చెప్పగానే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. 2006 జనవరిలో ఊరివాళ్ళతో కలిసి కాలచక్రకు వచ్చిందట. జనవరి నెలలో అంత ఎండ ఏమిటని ఆశ్చర్యపోయిందట. కృష్ణలో స్నానం చేసిందట. ఎవరో ఆకులో పుల్లటి పసుపు అన్నం పెట్టారని చేత్తో చూపించి చెప్పింది. మా దగ్గర పులిహోర కలుపు ఉంది. ఆ రాత్రి కుక్కర్‌లో అన్నం వండి కలిపాం, ఆవిడ రెండోసారి పెట్టించుకుంది. మీ సామానులో ఒక సీసా ఎక్కువ పెట్టుకోండి.